శకగణన – రాజ్యాధికారము – సాహిత్యయుగవిభాగము

ఆంధ్రసాహిత్య చరిత్రను బోధించువారికిని పఠించువారికిని యుగవిభాగము నిత్యపరిచితము. పురాణయుగము, కావ్యయుగము, ప్రబంధయుగము, క్షీణయుగము, ఆధునికయుగము అను పేర్లు పాఠ్యప్రణాళికలందు స్థిరపడి చిరకాలమైనది. వీనిలో మొదటి మూడును రచనాప్రక్రియలను బట్టి వచ్చిన పేర్లు. నాలుగవది ప్రక్రియను చెప్పదు, తీర్పును చెప్పును. ఐదవది ఆ తీర్పు చెప్పినవారు తామున్న కాలమునకు తాము పెట్టుకొన్న పేరు. ఈ తీర్పు ఎక్కడనుండి వచ్చినది, ఏ న్యాయమును బట్టి నిలిచినది అని విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. విచారణ సాహిత్యమున మొదలైనను రాజనీతి విషయమున కొంతదూరము నడువక తప్పదు. కాలమును విభజించుట పరిపాలనలో నొక భాగమనియు, మతము, లౌకికత్వము, వలసప్రభుత్వము అను మూడును ఆ విభజనలో కలిసి పనిచేసినవనియు మా అభిప్రాయము.

ముందుగా రెండు పదములను పరిశీలింతము. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ పీఠికలో చేరిన ‘సెక్యులర్’ అను విశేషణమునకు తెలుగున ‘లౌకిక’ మని వాడుక. మన పదము లోకశబ్దమునుండి పుట్టినది, ప్రపంచమును సూచించునది. ఆంగ్లపదమునకు మూలమైన ‘సైక్యులమ్’ అను లాటిను శబ్దమునకు తరము, యుగము అని అర్థము. క్రైస్తవ మతాచార్యులు దానిని, నిత్యమైన దైవకాలమునకు ఎదురుగా నున్న అనిత్యమైన ఈ ప్రపంచకాలమను అర్థమున వాడిరి. కావున ఆ భావన పుట్టుకయందే కాలవాచకము. అదియు నొక మతశాస్త్రము తన అవసరమునకు తీర్చుకొన్న కాలవాచకము. ఇక రెండవ పదము ‘శకము’. ఇది మొదట ఒక జాతి పేరు. మధ్యాసియా ప్రాంతమునుండి వచ్చిన ఆ జాతి రాజుల లెక్క మన శాసనములందు పాతుకొని, తుదకు ఏ వర్షగణనకైనను శకమనుటయే తెలుగువారికి అలవాటయ్యెను. ‘క్రీస్తుశకము’ అని పలుకునపుడు మనమొక పరదేశీయ జాతినామమును, వేరొక దేశమున ప్రభవించిన మతమునకు మూలపురుషుడైన వాని నామమును జోడించుచున్నాము. ఇటీవల క్రీ.శ. అనుటకు మారుగా సా.శ., అనగా సామాన్యశకము, అని వ్రాయుట ప్రబలినది. పేరు మారినది కాని అంకె మారలేదు. అంకెలో దాగిన ఆరంభబిందువు ఉన్నచోటనే ఉన్నది. పేరును తొలగించిన మాత్రమున కాలము లౌకికము కాదనుటకు ఇంతకన్న సులభమైన నిదర్శనము లేదు.

భారతదేశ చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిషు యుగములుగా మూడు భాగములు చేసిన ఘనత జేమ్సు మిల్లునకు చెందినది. 1817లో వెలువడిన ఆయన బ్రిటిషు ఇండియా చరిత్ర, కంపెనీ ఉద్యోగులకు శిక్షణ నొసగు హెయిలీబరీ కళాశాలలో పాఠ్యగ్రంథమైనది. మిల్లు భారతదేశమునకు రాలేదు. ఇచటి భాష ఒక్కటియు నేర్వలేదు. అది యటుండ, విభాగమునందలి పేర్లను గమనింపుడు. మొదటి రెండును మతముల పేర్లు. మూడవది మతము పేరు కాదు, దేశము పేరు. న్యాయముగా నైనచో మూడవదానిని క్రైస్తవయుగమనవలెను. లేదా మొదటి రెండింటిని రాజవంశముల పేర్లతో పిలువవలెను. ఈ అసమానత అనవధానమున జరిగినది కాదని మేము తలచెదము. మతము గతించిన కాలమునకు లక్షణము, మతమునకు అతీతమైన పాలన వర్తమానమునకు లక్షణము అను సిద్ధాంతము ఆ మూడు పేర్లలో ఇమిడియున్నది. ఇట లౌకికత్వము పరిపాలనా సూత్రము కాకపూర్వమే కాలమున ఒక స్థానమైనది. ఆ స్థానమున నిలిచినవారు పాలకులు. దానికి వెనుక నిలిచినవారు పాలితులు.

ఆ స్థానము తానన్నంత మతాతీతమైనదా? మిల్లునకు పూర్వపు తరమువారైన ప్రాచ్యపండితుల కాలనిర్ణయములను చూచిన సందేహము కలుగును. కలియుగారంభము క్రీ.పూ. 3102 అని మన జ్యోతిశ్శాస్త్రము చెప్పును. 17వ శతాబ్దిలో ఆర్చిబిషప్పు అషరు బైబిలు ననుసరించి సృష్ట్యారంభమును క్రీ.పూ. 4004గా నిర్ణయించెను. ఈ రెండవ లెక్కలో జలప్రళయమునకును, తదనంతర వంశములకును చోటు చేయవలసియుండుటచే మొదటి లెక్కకు ఇరుకు ఏర్పడినది. సర్ విలియం జోన్సు హిందువుల కాలగణనను గూర్చి వ్రాసిన వ్యాసమున మనువులను ఆదాము, నోవా మున్నగువారితో సరిపోల్చి ఈ ఇరుకును తీర్ప యత్నించెను. జాన్ బెంట్లీ మరింత ముందునకు పోయి, హిందువుల గ్రంథముల ప్రాచీనతను అంగీకరించినచో మోషే వృత్తాంతమునకే భంగము వాటిల్లునని స్పష్టముగా చెప్పి, సూర్యసిద్ధాంతమును 11వ శతాబ్దికి దింపెను. ఈ పండితులందరు దురుద్దేశముతో వ్రాసిరనుట అన్యాయము. 1793లో జోన్సు గ్రీకుల సాండ్రకోట్టసును మౌర్య చంద్రగుప్తునిగా గుర్తించుట నేటికిని భారత కాలనిర్ణయమునకు ఆధారస్తంభము. మేము చెప్పదలచినది ఇంతమాత్రమే: తరువాత లౌకికమని పేరు పొందిన కాలపటము గీయబడినపుడు దాని అంచులను నిర్ణయించినది ఒక మతగ్రంథము.

ఈ పటము గ్రంథాలయములందే నిలిచిపోలేదు. జేమ్సు మిల్లు కుమారుడు, తానును కంపెనీ కార్యాలయోద్యోగి, జాన్ స్టూవర్టు మిల్లు 1859లో స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధగ్రంథమున, ఆ సూత్రము ఇంకను శైశవదశలోనున్న సమాజములకు వర్తింపదనెను. స్వాతంత్ర్యము నిరాకరింపబడలేదు, వాయిదా వేయబడినది. 1919 భారత ప్రభుత్వ చట్టపు పీఠిక ఈ వాయిదాను శాసనముగా చేసినది: స్వపరిపాలన వైపు వేయవలసిన ప్రతి అడుగునకు కాలమును, రీతిని నిర్ణయించు అధికారము బ్రిటిషు పార్లమెంటునకే కలదని అందు చెప్పబడినది. ఇంతకన్న స్పష్టముగా కాలము రాజ్యాధికారమున భాగమని చెప్పుట సాధ్యము కాదు. 1928 ఫిబ్రవరి 3న మదరాసు వీథిలో టంగుటూరి ప్రకాశం తుపాకుల కెదురుగా నిలిచి బహిష్కరించినది సైమను సంఘమును మాత్రమే కాదు. మన అర్హతను పదేసి సంవత్సరముల కొకమారు పరీక్షించు పరీక్షాధికారమును. దీపేష్ చక్రవర్తి 2000లో ప్రకటించిన తమ గ్రంథమున ఈ స్థితిని చరిత్రయొక్క నిరీక్షణశాలగా వర్ణించిరి. ఆ ఉపమానము మన అనుభవమునకు సరిపోవును.

ఇక ఈ విభాగమును మన తెలుగు పండితులు ఎట్లు స్వీకరించిరో చూతము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి (1877–1923) యెడల ఈ రచయితకు గల గౌరవము అపారము. విజ్ఞానచంద్రికా గ్రంథమాల లేనిచో తెలుగున శాస్త్రీయ చరిత్రరచన ఇంత త్వరగా వేరూనియుండదు. ఆయన దేశచరిత్రను వ్రాయుచు పూర్వభాగమునకు ‘హిందూ మహాయుగము’ అని పేరిడి, మహమ్మదీయుల కాలమును వేరొక మహాయుగముగా చూపిరి. మహాయుగమనునది పురాణపదము, 43,20,000 సంవత్సరముల పరిమాణము కలది. ఆ పదమును శతాబ్దుల కొలతకు తగ్గించి, మిల్లు గీసిన గీతపై ఉంచుట అనువాదములలో కెల్ల సాహసోపేతమైన అనువాదము. కాని దాని ఫలితమేమి? పురాణమున యుగములు ధర్మమునుబట్టి మారును. పాలించు రాజు మతమును బట్టి మారవు. మహాయుగశబ్దము చేరుటతో వలసచరిత్రకారుని విభాగము దేశీయమైన రూపమును, యుగాంతమునకు సహజమైన గాంభీర్యమును పొందినది. మతమునకు మతము యుగాంతమను భావము తెలుగుపాఠకునకు తన పురాణమే చెప్పినట్లు తోచినది. లక్ష్మణరావుగారు దీనిని ఉద్దేశించియుండరు. పదము తన బరువును తానే తెచ్చును.

దీనికి ప్రతికూలమార్గమున నడచినవారు కోట వెంకటాచలముగారు (1885–1959). విజయవాడనుండి వారు ప్రకటించిన కలిశకవిజ్ఞానము మొదలగు గ్రంథములును, 1953లో ఆంగ్లమున వెలువరించిన భారత కాలగణనలోని కుట్రను గూర్చిన గ్రంథమును పాశ్చాత్యులపై పెద్ద అభియోగపత్రము. అలెగ్జాండరు సమకాలికుడు మౌర్య చంద్రగుప్తుడు కాడు, గుప్తవంశీయుడైన చంద్రగుప్తుడని వారి వాదము. తత్ఫలితముగా మౌర్యులును బుద్ధుడును వెయ్యేండ్లకు పైగా వెనుకకు జరుగుదురు. అషరు, బెంట్లీల మతాభినివేశమును వారు బయటపెట్టిన భాగము విలువైనది. సిద్ధాంతభాగము మాత్రము నిలువదు. అశోకుని పదమూడవ శిలాశాసనము అయిదుగురు యవనరాజులను పేర్కొనును. అంతియోకుడు, తురమాయుడు, అంతికినుడు, మగుడు, అలికసుందరుడు అను వీరు అందరును క్రీ.పూ. 3వ శతాబ్దిలో జీవించిరని గ్రీకు చరిత్రవలన తెలియుచున్నది. అశోకుని శిలాశాసనమాల మన కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి కొండపైనను ఉన్నది. ఈ సాక్ష్యమును త్రోయుటకు వెంకటాచలముగారు ఆ యవనులను భారత సరిహద్దు వాసులుగా చేయవలసివచ్చెను. అంతకన్న ముఖ్యమైన దోషము మరియొకటి. ప్రాచీనతయే గౌరవమునకు కొలబద్ద యను ప్రతిపక్షి సూత్రమును వారు ప్రశ్నింపక అంగీకరించిరి. మిల్లు వెనుకనున్నవారు తక్కువవారనెను. వీరు వెనుకనున్నవారే గొప్పవారనిరి. నిచ్చెన అదియే, తలక్రిందులైనది.

ఇట పాఠకుడొక శంకను పొందవచ్చును: ఒకవైపు కాలపటము అధికారపు పని యనుచు, వేరొకవైపు ఎఱ్ఱగుడి సాక్ష్యముతో అదే పటమును సమర్థించుట పరస్పరవిరుద్ధము కాదా? కాదని మా సమాధానము. లెక్క వేరు, తీర్పు వేరు. ఇరుదేశముల రాజులు సమకాలికులా కాదా యని తేల్చుటకు ఉభయసమ్మతమైన లెక్క కావలెను. దానిని ఏ మతమువారు ఆరంభించినను ఉపయోగము ఒక్కటియే. సమకాలికులలో ఒకరు ముందున్నారు, ఒకరు వెనుకబడినారు అనునది తీర్పు. తీర్పు లెక్కలోనుండి పుట్టదు. లెక్క వేసినవాని పీఠమునుండి పుట్టును. ఈ వివేకము లేకపోవుటచేతనే ఒకరు తీర్పును లెక్కగా భ్రమింతురు. వేరొకరు తీర్పుపై కోపముతో లెక్కను త్రోసిపుచ్చుదురు.

స్వతంత్రభారతము ఈ సమస్యను ఎట్లు ఎదుర్కొన్నది? దేశమున సుమారు 30 పంచాంగపద్ధతులు వాడుకలో నుండగా, 1952 నవంబరులో మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘము ఏర్పడెను. సంఘము 1955లో నివేదిక సమర్పించెను. సాహా 1956 ఫిబ్రవరిలో మరణించెను. 1957 మార్చి 22న శకసంవత్సరము 1879 చైత్రము 1వ తేదీగా జాతీయపంచాంగము అమలులోనికి వచ్చెను. చైత్రము 30 దినములు, అధికదినవర్షమున 31. తరువాతి అయిదు మాసములు 31. మిగిలిన ఆరు 30. లెక్క సరళము, ఋతువులకు తగినది. శకగణనను గ్రహించుటకు కారణము సిద్ధాంతగ్రంథములందును పంచాంగములందును దానికి గల విస్తృతవ్యాప్తి. జాతీయమని ఎన్నుకొన్న శకము పరదేశీయ రాజవంశపు జ్ఞాపకమగుట, శాలివాహనుని కథ దానిని మనదిగా చేసికొనుట గమనింపదగిన విషయము. జాతీయతకు స్వచ్ఛమైన పుట్టుక అవసరము లేదని ఆ సంఘము తెలిసియో తెలియకయో అంగీకరించినది.

కాని సంఘము ఒకచోట చిక్కుపడినది. పౌరవ్యవహారమునకు సాయనవర్షమును, పండుగలకు నిరయనగణనను విధించి కాలమును రెండు ముక్కలు చేసినది. నిరయనగణన వలన పండుగలు ఋతువులకు ఇంచుమించు 23 దినములు దూరమైనవని సంఘమే లెక్కించినది. ఉత్తరాయణము డిసెంబరు 22న జరుగుచుండగా మకరసంక్రాంతిని జనవరి 14, 15 తేదీలలో జరుపుకొనుట మనకు ప్రత్యక్షము. జరిగిన తేడాను సవరింపక, 23 భాగల 15 లిప్తల అయనాంశను స్థిరముగా నుంచి ఇకపై తేడా పెరుగకుండ చేయవలెనని సంఘము సూచించెను. పంచాంగకర్తలలో అధికులు తమ పూర్వపద్ధతినే కొనసాగించిరి. విజ్ఞానవేత్త సాహాకు ఆకాశమొక్కటియే; సంఘాధ్యక్షుడు సాహాకు ఆకాశములు రెండు. రాజ్యము మతకాలమును తాకరాదను నియమము ఒకవైపు, మతకాలమును తానే సవరింపవలెనను ఉత్సాహము మరొకవైపు ఉన్న లౌకికత్వమున ఈ చిక్కు సహజము. పందొమ్మిదవ శతాబ్దిలో మదరాసు నక్షత్రశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచార్యులు దృగ్గణితపంచాంగమును ప్రకటించినపుడు ఆయనకు ఈ బాధ లేదు. గ్రహము కనబడుచోటనే గణితము దానిని చూపవలెనను వాదమును ఆయన సంప్రదాయము లోపలనుండియే చేసెను. రాజ్యము ఆజ్ఞను కోరలేదు.

రాజ్యాంగమునందే ఈ ద్వైధము కలదు. ఆంగ్లపీఠికలో 1949 నవంబరు 26 మాత్రమే ఉన్నది. హిందీపాఠమున దానికి తోడు విక్రమసంవత్ 2006 మార్గశీర్ష శుక్లసప్తమి యని తిథియు చేరినది. దీనిని కొందరు లోపమందురు. మాకట్లు తోచదు. ఒకే దినమును రెండు లెక్కలలో వ్రాయుట మన దేశమున నూతనాచారము కాదు.

ఆ ఆచారము ఎంత పాతదో తెలుగుదేశపు పత్రములే చెప్పును. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకకాలమును కోరుమిల్లి తామ్రశాసనము శకవర్షము 944, అనగా 1022, అని తెలుపుచు, వేదములు నాలుగు, సముద్రములు నాలుగు, నిధులు తొమ్మిది అను సంకేతములతో అంకెను చెప్పి, సూర్యుడున్న రాశిని, తిథిని, వారమును, నక్షత్రమును, లగ్నమును జతచేయును. అందు అంకె చరిత్రకారునికి, లగ్నము దైవజ్ఞునికి, పత్రము ఒక్కటియే. ఇక ఫసలీని చూడుడు. ఫసలు అనగా పంట. అక్బరు ప్రభుత్వము హిజరీ అంకెను గ్రహించి దానిని సౌరవర్షముగా నడపినది. ఏలన చాంద్రమానమున శిస్తు అడుగు తేదీ పంటకు ముందే వచ్చుచుండెను. దక్షిణదేశమున ఇది షాజహాను కాలమున 1636లో, అప్పటి హిజరీ 1046 అంకెతో ఆరంభమైనది. నేడు క్రీస్తుశకమునుండి 590 తీసివేసిన ఫసలీ వచ్చును. 2024 జూలైతో ఆరంభమైనది ఫసలీ 1434. అదే సమయమున హిజరీ 1446. ఈ పన్నెండేండ్ల తేడాయే మతకాలము పంటకాలముగా మారిన చరిత్ర. మదరాసు ప్రభుత్వము 1855లో ఫసలీ ఆరంభమును జూలై 1కి స్థిరపరచెను. నిజాం రాష్ట్రమున అది ఆజూరు, దై, బహమన్ అను పారసీక మాసనామములతో నడచెను. నేటికిని మన గ్రామలెక్కలలో, అడంగళ్లలో ఫసలీ సంవత్సరము చెల్లుచునే యున్నది. ఇది మతకాలమా, లౌకికకాలమా, వలసకాలమా? మూడును ఔను, రైతునకు మూడును కాదు, శిస్తు కట్టు కాలము.

కర్నలు మెకంజీ (1754–1821) సేకరింపించిన గ్రామకైఫియ్యతులు ఇట్టివే. కావలి సోదరులును, వారి సహాయకులును కరణములనుండి రాబట్టిన ఆ వ్రాతలందు గ్రామమునకు మొదట యుగకాలపు స్థలపురాణము, పిదప శకవర్షములతో రాజుల దానములు, పిదప ఫసలీలతో అమరకములు, జమీందారీ తగవులు వరుసగా వచ్చును. కరణము ఈ మూడింటిని ఒకే వాక్యప్రవాహమున నడపును. వాని నడుమ తెగింపును పాటింపడు. అట్లని అతడు వానిని ఒకటిగా కలిపివేయుటయు లేదు. ప్రతిదానికి దాని లెక్కయే వాడును. తరువాత వచ్చిన పరిశీలకులు మొదటి భాగమును పుక్కిటిపురాణమని, రెండవదానిని చరిత్ర యని, మూడవదానిని పరిపాలనాపత్రమని విడదీసిరి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో ప్రకటించిన గ్రంథమున, దక్షిణదేశమున చరిత్రదృష్టి లేకపోలేదనియు, అది కథ, కావ్యము, వచనము మొదలగు రూపములందు కలిసియుండుటచే పరులు గుర్తింపలేదనియు నిరూపించిరి. వారి ఉదాహరణములలో ముఖ్యమైనవి తెలుగు రచనలు. వానిలో ననేకము 17, 18 శతాబ్దులవి.

ఆ శతాబ్దులనే మనము క్షీణయుగమనుచున్నాము. క్షేత్రయ్య పదములు, తంజావూరు యక్షగానములు, రంగాజమ్మ కావ్యములు, దక్షిణాంధ్ర వచనము, బొబ్బిలికథ అందున్నవి. త్యాగరాజు (1767–1847) జీవితమంతయు అందే గడచినది. ఇవి యన్నియు ఒక యుగమున పుట్టియుండగా దానికి క్షీణమను పేరు ఎట్లు తగును? శ్లేషలకై, చిత్రకవిత్వమునకై కృశించిన ప్రబంధములు ఆ కాలమున అనేకము వచ్చినమాట నిజము. ఆయా కృతులను నిందించుట విమర్శకుని హక్కు. కాని కాలమునకే క్షీణమని పేరిడుట కృతివిమర్శ కాదు. పాలకులు రాకపూర్వము దేశము పతనమై యుండెను, వారి రాకతో మేల్కొనెను అను మిల్లు విభాగము సాహిత్యమున ధరించిన వేషమది.

ఈ పేరు నిరపాయమైనది కాదు. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి ప్రకటింపగా, వీరేశలింగముగారు మొదలగువారు దానిని గర్హించిరి. 1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనము చేసికొనెను. నిషేధము తొలగుటకు 1947 రావలసివచ్చెను. తంజావూరు రాజసభలో గౌరవము పొందిన కావ్యము మదరాసు న్యాయాధికారికి అపరాధముగా కనబడెను. స్త్రీ రచించి, స్త్రీ పరిష్కరించిన గ్రంథము ముప్పదియారేండ్లు పాఠకులకు దూరమైనది. ఈ కాలమునకు తగదు అను మాటకు ఎంత శక్తి కలదో ఈ వృత్తాంతము వలన తెలియును. అందు ‘ఈ కాలము’ ఎవరిదో ఎవరును అడుగలేదు.

వీరేశలింగముగారిని తూలనాడుట మా ఉద్దేశము కాదు. వితంతువుల దుఃఖమును చూచి సంప్రదాయము పైననే తిరుగబడిన మనీషికి, గతమంతయు అంధకారమని తోచుట అర్థము కానిది కాదు. కాని ఆయనకు ఆయుధమైనది మనకు పాఠ్యాంశమైనది; ఆయుధమునకు సందర్భము కలదు, పాఠ్యాంశమునకు అది మరుగుపడును. ప్రతి సంవత్సరము విద్యార్థులు క్షీణయుగలక్షణములను వ్రాయుడను ప్రశ్నకు సమాధానము వ్రాయుచున్నారు. ప్రశ్నయే తీర్పును ముందుగా చెప్పుచుండగా, వారు వ్రాయునది సమాధానము కాదు, అంగీకారపత్రము.

కావున మేము కోరునది స్వల్పము. శకమును మార్చవలసిన పని లేదు; క్రీస్తుశకము వాడుకకు చాలును. కలిశకమును పునరుద్ధరించిన గౌరవము పెరుగదు; సా.శ. యని వ్రాసిన మతము తొలగదు. మార్చవలసినది యుగములకు పెట్టిన పేర్లు. హిందూ, మహమ్మదీయ యుగములను చరిత్రపాఠములనుండియు, క్షీణయుగమును సాహిత్యపాఠములనుండియు తొలగించి, శాసనకర్తయు కరణమును చేసినట్లు ప్రతి రచనకును తేదీని, స్థలమును, ప్రయోజనమును చెప్పుట చాలును. తంజావూరు 17వ శతాబ్ది, తిరువయ్యారు 19వ శతాబ్ది పూర్వార్ధము అని వ్రాసిన విద్యార్థికి క్షేత్రయ్యను, త్యాగరాజును తానే విని తీర్పు చెప్పుకొను అవకాశము కలుగును. ఈ మార్పు మన శాఖలోనే, వచ్చు పాఠ్యప్రణాళికా సంఘమునందే ఆరంభము కావచ్చును.